రెండో దఫా

తెలుగు పంతులికి ఇంజన్లతో పనేమిటని మీరు అడగవచ్చు. మా ఆవిడ రెండేళ్ళపాటు పూటకొకసారి ఆ ప్రశ్న అడిగింది. కాలేజీలో ప్రబంధాలూ వ్యాకరణమూ చెప్పుకుని బతికేవాణ్ణి. సైకిలు గొలుసు జారితే వీధిలో పోయే కుర్రవాణ్ణి బతిమాలి వేయించుకునేవాణ్ణి. అటువంటి నేను నలభై అయిదో ఏట, మోచేతులదాకా మడ్డి పూసుకుని, పాత పడవ ఇంజను ఒకటి వసారాలో ముక్కలు ముక్కలుగా పరుచుకు కూర్చుంటే ఆవిడ మాత్రం ఏమనుకుంటుంది చెప్పండి!

"చింతపండంతా ఆ ఇత్తడి టాంకుకే అయిపోయింది. ఇవాళ చారు లేదు" అనేది. నేను మాట్లాడేవాణ్ణి కాను. ఎందుకు చేస్తున్నానో అప్పటికి నాకూ సరిగ్గా తెలియదు.

2023 వేసవిలో మా పెద్ద మావయ్య ఇల్లు అమ్మేశారు. అత్తయ్య పోయాక ఆయన రాజమండ్రిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. సామాను సర్దడానికి నేనూ వెళ్ళాను. అటక మీదనుంచి దింపినదంతా వాకిట్లో పోసి పాత ఇనపసామాను వర్తకుడు తూకం వేస్తున్నాడు. గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి పైకెత్తి, "ఈ ఇత్తడి టాంకు ధర వేరండి, మిగతాది చిల్లర లోహం" అన్నాడు. గోనె తొలిగిన చోట చూసి నేను గతుక్కుమన్నాను. అది మావయ్య సీగల్ ఇంజను. 1986 ఆగస్టు తరవాత దాని మొహం ఎవరూ చూడలేదు. తూకానికి ఎంతవుతుందో అంతా నేనే ఇచ్చి కాకినాడ తెచ్చుకున్నాను. మావయ్యకి చెప్పలేదు.

ఈ ఇంజన్ల సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ఇవి పడవ కడుపులో వుండేవి కావు. వెనక చెక్కకి తగిలించి, పని అయ్యాక విప్పి భుజాన వేసుకు పోయేవి. నార్వేలో పుట్టి అమెరికా వెళ్ళి స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో వీటి వ్యాపారం మొదలుపెట్టాడు. ఒక వేసవిలో ప్రియురాలికోసం సరస్సు అవతలినుంచి ఐస్‌క్రీము తెస్తూ తెడ్లు వేసి వేసి అలిసిపోయాడనీ, ఒడ్డు చేరేలోగా అది కాస్తా కరిగిపోయిందనీ, ఆ ఉక్రోషంలోంచే ఇంజను ఆలోచన పుట్టిందనీ చెబుతారు. సీగల్ ఇంగ్లండు సరుకు. 1931లో మొదలై, తరవాత డోర్సెట్ సీమలోని పూల్ అనే రేవుపట్నంలో తయారయ్యేది. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి వేలకొద్దీ సరఫరా అయింది. 1996లో తయారీ ఆగిపోయింది. ఇంజను ఒంటిమీద గుద్దిన అక్షరాలూ అంకెలూ చూస్తే అది ఏ రకమో, ఏనాటిదో చెప్పవచ్చు. మా అమ్మాయి కంప్యూటరులో వెదికి మాది 'సెంచరీ ప్లస్' అని తేల్చింది. ఒకే సిలిండరు, 102 సీసీ, ఐదు రెక్కల చక్రం. వేగం తక్కువ. కాని బరువైన నావని నిదానంగా నెట్టుకుపోతుంది.

మావయ్య దాన్ని 1974లో ఒక వేలంలో కొన్నాడు. కోటిపల్లి రేవుకి దిగువన, గౌతమి పాయ నడుమ లంకలో ఆయనకి నాలుగెకరాల పొలం, ఒక ఇల్లు, ఒక నావ వుండేవి. పొగాకూ మిరపా అరటీ పండేవి. లంకలో ఇంజను వున్న నావ ఆయనదొక్కటే. పురుళ్ళకీ, పెళ్ళిళ్ళకీ, పాముకాటుకీ ఆ నావే. ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకునేవాడు కాడు. "ఆయిలు ఖర్చు ఇచ్చుకోండర్రా, అంతే" అనేవాడు.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా ప్రాంతంలో ఈనాటికీ కొలబద్ద. 16వ తేదీన ధవళేశ్వరం దగ్గర నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటింది. గట్లు తెగాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మతో మావయ్య ఇంటికి వెళ్ళి వున్నాను. పద్నాలుగో తేదీ సాయంత్రానికే నీళ్ళు వాకిట్లోకి వచ్చేశాయి. వాన ఒకటే ధార. మావయ్య నావ సిద్ధం చేశాడు. మొదటి దఫాలో అమ్మమ్మనీ, అత్తయ్యనీ, అమ్మనీ, పిల్లలందరినీ ఎక్కించాడు. పక్క రెండిళ్ళవాళ్ళు పదకొండుమంది ఒడ్డున మిగిలారు. "దీపాలవేళకల్లా రెండో దఫా వస్తాను. బళ్ళో కూర్చోండి" అని వాళ్ళకి మాట ఇచ్చాడు. నన్ను ఇంజను పక్కన కూర్చోబెట్టి, "ఒరే, నువ్వు మగాడివి. టాంకులో వాననీళ్ళు పోకుండా చూడు. అదీ నీ ఉద్యోగం" అన్నాడు.

సగం ఏరు దాటేసరికి ఇంజను ఆగిపోయింది.

మావయ్య తాడు చుట్టి లాగాడు. మళ్ళీ చుట్టాడు, మళ్ళీ లాగాడు. టాంకు తట్టి చూశాడు, పెట్రోలు వుంది. నావ అడ్డం తిరిగింది. చివరికి తాడు పుటుక్కున తెగింది. ఆయన గెడ పుచ్చుకుని, పాలేరు తెడ్డు పుచ్చుకుని, ఎలాగో మమ్మల్ని ఒడ్డు చేర్చారు. చేరింది మైలున్నర దిగువన. చీకటి పడింది. ఆ ప్రవాహానికి ఎదురు వెళ్ళడానికి ఏ పడవవాడూ ఒప్పుకోలేదు. మావయ్య ఆ రాత్రంతా గట్టుమీద అటూ ఇటూ తిరగడం నాకు జ్ఞాపకం.

లంకలో పదకొండుమందీ రెండు రాత్రులు బడి కప్పుమీద తడుస్తూ కూర్చున్నారు. మూడో నాటి ఉదయం చేపలు పట్టేవాళ్ళ పడవ వచ్చి దింపింది. దేవుడి దయవల్ల అందరూ బతికారు. కాని ఊళ్ళో మాట పుట్టింది. "తనవాళ్ళని దాటించుకున్నాడు, మమ్మల్ని ఏటికి వదిలేశాడు. ఇంజను ఆగిపోయిందట! మంచి సమయం చూసి ఆగింది!" మావయ్య ఎవరికీ జవాబు చెప్పలేదు. మరుసటి సంవత్సరం పొలం అమ్మేసి గట్టు ఇవతలికి వచ్చేశాడు. మళ్ళీ లంకలో కాలు పెట్టలేదు. మా నాన్నగారు వేళాకోళానికి, "బావా, నీ దొరల ఇంజను ఎలా వుంది?" అనేవారు. ఆయన కండువా దులుపుకుని లేచిపోయేవాడు.

ఇదీ పూర్వకథ. ఇక మరమ్మత్తు.

మొదటి చిక్కు పానాలతో వచ్చింది. ఆ మరలు పాత ఇంగ్లీషు కొలతలవి, మన పానాలు మిల్లీమీటర్లవి. ఒకటి వదులు, ఒకటి బిగువు. అప్పుడే జగన్నాథపురంలో పడవల ఇంజన్లు బాగుచేసే ముసలి మేస్త్రి ఒకాయన దొరికాడు. ఇంజనుని బిడ్డని తిప్పినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, "మేష్టారూ, దీన్ని చంపినవాడు లేడండి. నిద్రపుచ్చి వదిలేశారంతే" అన్నాడు. పాతకాలపు పానాల మూట ఒకటి ఇచ్చి, వారం వారం వచ్చి పాఠం ఒప్పజెప్పమన్నాడు. ఇరవైయేళ్ళ పైచిలుకు పాఠాలు చెప్పినవాణ్ణి, చేతులు కట్టుకుని పాఠం విన్నాను.

సామాన్లు సంపాదించడం ఇంకొక ఎత్తు. ప్లగ్గు మర 18 మిల్లీమీటర్లది. నేటి మోటారుసైకిళ్ళవి సాధారణంగా అంతకంటే చిన్నవి. ఊరంతా తిరిగాక, ఒకప్పుడు కిరసనాయిలు పంపుసెట్లు అమ్మిన కొట్లో, యజమాని తాతగారి నాటి డబ్బాలో, మైనపు కాగితం కూడా విప్పనిది ఒకటి దొరికింది. మాగ్నెటోలో కండెన్సరు చచ్చిపోయింది. పాత స్కూటరుది ఒకటి తెచ్చి మేస్త్రి అతికాడు. పాయింట్లు నేనే ఉప్పుకాగితంతో రుద్ది శుభ్రం చేశాను. పెట్రోలు కుళాయిలో బెండుబిరడా ఎండి కారిపోతుంటే, దాన్ని వేన్నీళ్ళలో నానబెట్టి ఉబ్బేలా చేయడం మా ఆవిడ చెప్పిన ఉపాయం! పిస్టను రింగులు మాత్రం ఇంగ్లండునుంచి తెప్పించక తప్పలేదు. అక్కడ ఈ ఇంజన్లని ప్రేమించేవాళ్ళు ఇప్పటికీ వున్నారు, విడిభాగాలు అమ్మేవాళ్ళూ వున్నారు. రింగుల ఖరీదుకంటే తపాలా ఖర్చు ఎక్కువైంది. ఆ లెక్క ఇంట్లో చెప్పలేదు. ఈ వ్యాసం చదివే తెలుసుకుంటుంది.

చక్రాన్ని ఇరుసుతో కలిపేది ఒక స్ప్రింగు. చక్రం కర్రకో రాయికో తగిలితే ఆ దెబ్బ గేర్లమీద పడకుండా అది భరిస్తుంది. తుప్పు తిన్నదాని బదులు గట్టి తీగెతో ఒకటి చుట్టించి గొప్పగా తీసుకెళ్ళాను. మేస్త్రి వేలితో నొక్కి చూసి పక్కన పడేశాడు. "గట్టిది ఎందుకండీ? ఇది దెబ్బ తినడానికి పెట్టింది. ఇది తినకపోతే లోపలివి తింటాయి" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు, ఎందుకో, కండువా దులుపుకుని లేచిపోయే మావయ్య కళ్ళలో మెదిలాడు.

టాంకు తోమడం నా వంతు. మూత నడుమ చిన్న ఇత్తడి మర ఒకటి కదలకుండా బిగుసుకుపోయి వుంది. కిరసనాయిలులో రెండు రోజులు నానబెట్టి, కదిలించి, తుడిచి, మళ్ళీ యథాప్రకారం బిగించాను. యథాప్రకారం అన్నమాట మీరు గుర్తుంచుకోవాలి.

2024 డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్న ఇంజనుని పెరట్లో గోలేనికి తగిలించాం. నీళ్ళు లేకుండా దీన్ని తిప్పకూడదు. నీరే దాన్ని చల్లబరుస్తుంది. పది పాళ్ళు పెట్రోలుకి ఒక పాలు ఆయిలు కలిపాను. నేటి ఇంజన్లకి యాభైకి ఒకటి చాలు. దీనికి లోపల వున్నవి గుళ్ళ బేరింగులు కావు, ఉత్త బుషులు. అందుకే అంత ఆయిలు తాగుతుంది, అంత పొగా వదులుతుంది. కుళాయి తెరిచి, కార్బొరేటరు మీది బొడిపె నొక్కి, తాడు చుట్టి లాగాను. నాలుగో లాగుకి భగ్గుమంది. పక్కింటివారు కిటికీలు మూసుకున్నారు. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నుంచుని నవ్వు దాచుకుంది.

అయిదు నిమిషాలు గడిచాయో లేదో ఇంజను దగ్గింది, మూలిగింది, ఆగిపోయింది.

కాసేపు ఆగి లాగితే మళ్ళీ అంటుకుంది. మళ్ళీ కొద్ది నిమిషాలకి ఆగింది. నిప్పురవ్వ నీలంగా వస్తోంది. పెట్రోలు వుంది. కార్బొరేటరు అద్దంలా వుంది. పద్యానికి ప్రతిపదార్థం అంతా వచ్చింది గాని తాత్పర్యం చిక్కలేదు. సాయంత్రం మేస్త్రి వచ్చాడు. ఇంజను వంక చూడనైనా చూడలేదు. టాంకు మూత మీద ఆ చిన్న మరని రెండు చుట్లు వదులు చేసి, "ఇప్పుడు లాగండి" అన్నాడు. ఇంజను నలభై నిమిషాలు ఏకధాటిగా ఆడింది. ఆపేదాకా ఆగలేదు.

"ఇది గాలి మరండి. టాంకులోకి గాలి వెడితేనే పెట్రోలు కిందికి దిగుతుంది. మూసేశారో, కార్బొరేటరులో వున్నంతసేపు ఆడి చస్తుంది. నీళ్ళ సీసా బోర్లించినట్టే. పుస్తకంలో లేదా?"

వుంది. నడిపే పద్ధతిలో మొట్టమొదటి మాట అదే. నేను పండితుణ్ణి గనుక తేలిక పాఠం వదిలేసి కష్టమైన అధ్యాయాలు చదివాను.

మేస్త్రి వెళ్ళాక చాలాసేపు గోలెం దగ్గరే కూర్చున్నాను. నా బొటనవేలూ చూపుడువేలూ ఆ మరమీద వున్నాయి. ఆ వేళ్ళకి అది కొత్త కాదు. వాన, నావ, అమ్మమ్మ రామనామం, టాంకు మూతమీద చిటచిట పడుతున్న చినుకులు. మూత నడుమ చిన్న సందు. నీళ్ళు పోకుండా చూడమన్నాడు కదా మావయ్య! నేను మగాణ్ణి కదా! రెండు వేళ్ళతో, నా బలంకొద్దీ, ఆ మరని కుడివైపుకి తిప్పి బిగించాను. ఉద్యోగం బాగా చేశానని ఎంత గర్వపడ్డానో! ఒడ్డు చేరాక ఆ ఇంజనుని గోనెలో చుట్టారు. నేను బిగించిన మర ముప్పై ఏడేళ్ళు అల్లాగే బిగిసి వుంది. విప్పినవాణ్ణీ నేనే, అర్థం తెలియక మళ్ళీ బిగించినవాణ్ణీ నేనే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావయ్యకి ఆనాడు నలభై ఏడేళ్ళు. ఇంచుమించు నా ఈడు. ఆ వయస్సులో సొంత ఊరు వదిలి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా మరో చోట బతుకు మొదలుపెట్టడం ఎలాంటిదో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

సంక్రాంతి వెళ్ళాక రాజమండ్రి వెళ్ళాను. ఆయన వీధి అరుగుమీద ఎండకి కూర్చుని వున్నాడు. చెప్పవలసినదంతా నిలబడే చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"అయితే ఇంజను తప్పు లేదన్నమాట" అన్నాడు చివరికి.

"లేదు మావయ్యా. నీ తప్పూ లేదు."

"ఆయిలు పాళ్ళు తప్పిందనుకున్నానురా. ఆ వేళ చీకట్లో, తొందరలో కలిపాను. గ్లాసుతో కొలిచాను. పది గ్లాసులు పోశానా, తొమ్మిదే పోశానా అని రాత్రిళ్ళు లెక్కపెట్టుకునేవాణ్ణి. మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు. జనం ఏదో అన్నారని కాదు నేను ఊరు వదిలింది. వాళ్ళ మొహం చూస్తే ఆ గ్లాసులే లెక్కకి వచ్చేవి."

నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను. క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"నాకు చెబితే సరిపోయిందట్రా? ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు."

2025 ఫిబ్రవరిలో ఒక ఉదయం కోటిపల్లి రేవులో చిన్న నావ ఒకటి మాట్లాడుకున్నాం. నావవాడు ఇంజనుని చూసి, "ఇది ఎగ్జిబిషనులో పెట్టేదాండి?" అన్నాడు. మేస్త్రి కూడా మాతో వచ్చాడు. మావయ్యకి ఎనభై ఆరు. వద్దన్నా వినకుండా మేస్త్రి ఆయనకి లైఫ్‌జాకెట్టు తొడిగాడు. ఏరు నిమ్మళంగా వుంది. గాలి మర నేను తీశాను, తాడు మేస్త్రి లాగాడు. సీగల్ దడదడమంటూ, వెనక నీలపు పొగ వదులుతూ, ఎక్కడా ఆగకుండా మమ్మల్ని లంక చేర్చింది.

ఆనాటి పదకొండుమందిలో నలుగురే అక్కడ మిగిలారు. వాళ్ళలో పెద్దావిడ ఇంటి అరుగుమీద చిక్కుళ్ళు ఈనె తీస్తోంది. నావ చప్పుడు విని ముందే తలెత్తి చూస్తోంది. మావయ్య కర్ర ఊతంగా వెళ్ళి ఆవిడ ఎదట నిలబడ్డాడు.

"బాగున్నావా వదినా?" అన్నాడు.

ఆవిడ కళ్ళకి చెయ్యి అడ్డంపెట్టుకుని చూసింది. "దీపాలవేళకి వస్తానన్నావు మరిదీ. ఎన్ని దీపాలవేళలు పోయాయి! ఇదేనా నీ రెండో దఫా?" అంది.

నా గొంతు పెగిలేసరికి కొంతసేపు పట్టింది. జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. చుట్టుపక్కలవాళ్ళు నలుగురూ చేరారు. ఆవిడ విని, "నీకెన్నేళ్ళురా అప్పటికి?" అంది.

"ఎనిమిదండి."

"ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఇంజను అప్పగించినవాణ్ణి అనాలి!" అని మావయ్య వైపు వేలు చూపించింది. అందరూ నవ్వారు. మావయ్య నవ్వబోయి కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆవిడ కొడుకు మాత్రం నవ్వలేదు. ఆనాడు బడి కప్పుమీద తడిసినవాళ్ళలో అతనూ ఒకడు. "మా నాన్న పోయేదాకా మీ మావయ్యని తిట్టుకుంటూనే వున్నాడండి" అన్నాడు నాతో, మెల్లిగా.

"ఆ తిట్లు నావి" అన్నాను.

అతను తల ఊపాడు. సరేనన్నాడో, అంతేకదా అన్నాడో తెలియదు. నేను వెంటనే తేల్చి చెప్పమని అడగలేదు. ముప్పై తొమ్మిదేళ్ళ మాట ఒక్క పూటలో చెరగాలనడం న్యాయం కాదు. కాని మేం బయలుదేరబోతుంటే ఆవిడ "నేనూ ఎక్కుతాను, అవతలి ఒడ్డుదాకా తిప్పి తీసుకురా" అని పట్టుబట్టినప్పుడు, తల్లిని రెండు చేతులమీద ఎత్తుకువచ్చి నావలో కూర్చోబెట్టినవాడు అతనే. తనూ ఎక్కి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

నేను ఇంజను దగ్గర నా చోట్లో కూర్చున్నాను. మేస్త్రి తాడు చుట్టాడు.

"మర తీశావా?" అన్నాడు మావయ్య.

"తీశాను."

"మళ్ళీ చూడు."

మళ్ళీ చూశాను.